కొట్టింది ఒకరు, జవాబు చెప్పాల్సింది మరొకరా?

రాత్రి పూట అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఎవరో ఒక మనిషి మీద పడతాడు. కొట్టి, పర్సు లాక్కుని పారిపోతాడు. పోలీసులు వస్తారు, కేసు రాస్తారు. దొంగ దొరికితే జైలుకు వెళ్తాడు. దొరక్కపోతే ఫైలు మూతపడుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

దెబ్బలు తిన్న మనిషి సంగతి ఇందులో ఎక్కడా రాలేదు. ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలి? ఆరు నెలలు పనికి పోలేకపోతే ఇల్లు ఎలా గడవాలి? చెయ్యో కాలో పనికిరాకుండా పోతే మిగిలిన జీవితం మాటేమిటి? క్రిమినల్ కేసు ఈ ప్రశ్నల కోసం పుట్టింది కాదు. అది ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య నడుస్తుంది. బాధితుడు అందులో ముఖ్యమైన సాక్షి, అంతే.

ఈ ప్రశ్నలకు జవాబు వెతికేది సివిల్ దావా. అందులో ఒక ప్రత్యేకమైన రకం గురించే ఈ వ్యాసం. ఇది కొట్టినవాడి మీద వేసే దావా కాదు. తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే ఆ దాడిని ఆపగలిగి ఉండేవారి మీద వేసే దావా. వాళ్లు అపార్ట్‌మెంట్ యజమాని కావచ్చు, హోటల్ కావచ్చు, దుకాణం కావచ్చు, డ్రైవర్‌ను పంపిన కంపెనీ కావచ్చు. అమెరికాలో దీన్ని ‘నెగ్లిజెంట్ సెక్యూరిటీ’ (భద్రత విషయంలో నిర్లక్ష్యం) కేసు అంటారు. ఈ న్యాయం అక్కడే ఎక్కువగా పెరిగింది. లక్షల మంది తెలుగువారు ఉంటున్న దేశం కూడా అదే. మన పిల్లలు అక్కడ అద్దె ఇళ్లలో ఉంటారు. కొందరు గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో రాత్రి డ్యూటీలు చేస్తారు. దాడి జరిగిందన్న వార్త వచ్చినప్పుడు చందాలు పోగుచేయడం మనకు అలవాటైంది. చట్టంలో ఒక దారి ఉందని, దానికి గడువు ఉందని మాత్రం చాలా కుటుంబాలకు తెలియదు. తెలిసేసరికి ఆ గడువు దాటిపోతుంది.

కొట్టినవాడి మీదే ఎందుకు వేయరు?

వేయొచ్చు. కావాలని కొట్టడం నేరమే కాక ‘టార్ట్’ (నష్టపరిహారం రాబట్టదగిన సివిల్ తప్పు) కూడా. దావా గెలవడం కష్టం కాకపోవచ్చు. చిక్కంతా వసూలులో ఉంది. చాలా దాడుల్లో నిందితుడు దొరకడు. దొరికినా జైల్లో ఉంటాడు, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. అతనికి ఏదైనా బీమా ఉన్నా అది ఆదుకోదు. బీమా పాలసీలు సాధారణంగా అజాగ్రత్త వల్ల జరిగిన హానికి చెల్లిస్తాయి. కావాలని చేసిన హానికి చెల్లించవు.

భవనం యజమానికి మాత్రం వ్యాపార బీమా ఉంటుంది. తాళం బాగు చేయించకపోవడం, దీపాలు వెలిగించకపోవడం అజాగ్రత్త కిందికి వస్తాయి. కాబట్టి ఆ బీమా నుంచి డబ్బు రావడానికి అవకాశం ఉంది. కొన్ని పాలసీలు, ముఖ్యంగా బార్లకు ఇచ్చేవి, దాడుల వల్ల కలిగే నష్టాన్ని ప్రత్యేకంగా మినహాయిస్తాయి. అందుకే అనుభవమున్న లాయర్ మొదట అడిగే కాగితాల్లో బీమా పాలసీ ఒకటి.

నిరూపణలో ఇంకో తేడా ఉంది. క్రిమినల్ కేసులో నేరం సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. సివిల్ కేసులో ఏ పక్షం వాదన నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తారు. త్రాసు కొంచెం మొగ్గినా చాలు. అందువల్ల నేరస్థుడు పట్టుబడకపోయినా, క్రిమినల్ కేసు కొట్టేసినా, యజమాని మీద దావా నిలబడవచ్చు.

1966 నాటి ఒక రాత్రి

ఈ న్యాయానికి పునాది వేసిన తీర్పుల్లో ఒకటి వాషింగ్టన్ నగరంలో వచ్చింది. 1500 మాసాచుసెట్స్ ఎవెన్యూ అనే చిరునామాలో సుమారు 585 ఇళ్లున్న పెద్ద భవనం ఉంది. 1959లో ఒక మహిళ అందులో అద్దెకు దిగారు. అప్పుడు ప్రధాన ద్వారం దగ్గర ఇరవై నాలుగు గంటలూ కాపలా మనిషి ఉండేవాడు. లాబీలో వచ్చేపోయేవారిని చూసేందుకు ఒక ఉద్యోగి ఉండేవారు. గ్యారేజీ వైపు కూడా మనుషులు ఉండేవారు.

1966 నాటికి ఇవన్నీ పోయాయి. కాపలా మనిషి లేడు. లాబీ బల్ల దగ్గర చాలాసేపు ఎవరూ ఉండరు. ఒక పక్క ద్వారం తరచు రాత్రంతా తెరిచే ఉండేది. ఈలోగా భవనంలో దొంగతనాలు, దాడులు పెరిగాయి. ఈ సంగతి యజమానికి తెలుసు. ఆ ఏడాది నవంబరు 17న రాత్రి సుమారు 10.15 గంటలకు ఆమెపై తన ఇంటి బయటే దాడి జరిగింది. దుండగుడు కొట్టి దోచుకుపోయాడు. అంతకు రెండు నెలల ముందే అదే దారిలో ఇంకో మహిళపై దాడి జరిగింది.

కింది కోర్టు యజమానికి బాధ్యత లేదంది. అప్పటి సాధారణ న్యాయం అదే. ఒక ప్రైవేటు మనిషి చేసే నేరం నుంచి ఇంకొకరిని కాపాడే బాధ్యత మరో ప్రైవేటు మనిషికి ఉండదు. కాపాడటం పోలీసుల పని. 1970లో అప్పీలు కోర్టు ఈ సూత్రాన్ని ఇలాంటి భవనాల విషయంలో పక్కనపెట్టింది. తీర్పు రాసిన జడ్జి మాల్కమ్ విల్కీ తర్కం ఇలా సాగింది. హాళ్లు, మెట్లు, ద్వారాలు అద్దెదారు చేతిలో లేవు. అక్కడ తాళం మార్చే హక్కు, కాపలా పెట్టే హక్కు ఆమెకు లేవు. పోలీసులు ప్రతి భవనం లోపలి దారుల్లో గస్తీ తిరగలేరు. ఆ దారులను అదుపులో ఉంచుకున్నది యజమాని ఒక్కడే. ప్రమాదం ఉందని అతనికి తెలుసు. తగ్గించే శక్తి కూడా అతనికే ఉంది. అందువల్ల బాధ్యతా అతనిదే.

యజమాని పూర్తి హామీదారు అని కోర్టు అనలేదు. నేరమే జరగకుండా చూడాలని కోరలేదు. 1959లో ఆమె ఇల్లు తీసుకున్నప్పుడు ఏ స్థాయి భద్రత ఉందో, ఆ స్థాయిని నిలబెట్టాలని మాత్రం చెప్పింది. నష్టపరిహారం లెక్క తేల్చడానికి కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది.

ఈ తర్కాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా న్యాయమంతా సులువుగా అర్థమవుతుంది. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో, బాధ్యత కూడా ఆ చేతిలోనే ఉంటుంది.

దాటాల్సిన నాలుగు మెట్లు

నిర్లక్ష్యం కేసు ఏదైనా బాధితుడు నాలుగు విషయాలు రుజువు చేయాలి. మొదటిది, ప్రతివాదికి తన పట్ల జాగ్రత్త వహించాల్సిన బాధ్యత ఉంది. రెండోది, ఆ బాధ్యతను అతను నెరవేర్చలేదు. మూడోది, అలా నెరవేర్చకపోవడం వల్లే హాని జరిగింది. నాలుగోది, ఆ హాని ఇంత. వీటిలో ఏ ఒక్కటి రుజువు కాకపోయినా కేసు పోతుంది.

మొదటి మెట్టు ప్రత్యేక సంబంధం మీద ఆధారపడుతుంది. దారిన పోయేవారికి ఒకరి పట్ల ఒకరికి ఇలాంటి బాధ్యత లేదు. హోటల్‌కు అతిథి పట్ల ఉంటుంది. దుకాణానికి కొనుగోలుదారు పట్ల, రవాణా సంస్థకు ప్రయాణికుల పట్ల ఉంటుంది. భవనం యజమానికి ఉమ్మడి దారుల్లో అద్దెదారు పట్ల ఉంటుంది.

రెండో మెట్టుకు ప్రసిద్ధమైన ఉదాహరణ గాయని కోనీ ఫ్రాన్సిస్ కేసు. 1974 నవంబరులో ఆమె న్యూయార్క్ దగ్గర వెస్ట్‌బరీలో పాడి, హోవర్డ్ జాన్సన్ సంస్థకు చెందిన మోటెల్‌లో బస చేశారు. ఒక దుండగుడు గదిలోకి చొరబడి ఆమెపై అత్యాచారం చేశాడు. గది జారుడు తలుపు చూడటానికి తాళం పడినట్టే ఉండేది, కానీ బయటి నుంచి తేలిగ్గా తెరుచుకునేది. దుండగుడు ఎన్నడూ దొరకలేదు. అయినా 1976లో జ్యూరీ ఆమెకు 25 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. తరువాత అంతకంటే తక్కువ మొత్తానికి రాజీ కుదిరింది. ఒక నాసిరకం తాళం ధర ఎంతవుతుందో హోటల్ పరిశ్రమ అంతటికీ ఈ కేసు చూపించింది.

నిర్లక్ష్యం తాళాల్లోనే ఉండనక్కర్లేదు. మనుషుల ఎంపికలోనూ ఉండొచ్చు. 1983లో మిన్నెసోటా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. నేరచరిత్ర ఉన్న వ్యక్తిని సరిగా వాకబు చేయకుండా అపార్ట్‌మెంట్ మేనేజర్‌గా పెట్టుకున్నారు. అన్ని ఇళ్లూ తెరిచే తాళంచెవి అతని చేతికిచ్చారు. అతను దాంతోనే ఒక ఇంట్లోకి వెళ్లి అద్దెదారుపై అత్యాచారం చేశాడు. వాకబు చేయకపోవడం యజమానుల నిర్లక్ష్యమని కోర్టు తేల్చింది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ కారులో జరిగిన అత్యాచారం తర్వాత బాధితురాలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ కోర్టులో ఆ కంపెనీ మీద దావా వేసినప్పుడు కూడా ఆరోపణ ఇలాంటిదే. డ్రైవర్ గతాన్ని సరిగా పరిశీలించలేదన్నది ఆమె వాదన. ఆ దావా 2015లో రాజీతో ముగిసింది.

అసలు పోరు: ముందే తెలిసి ఉండాల్సిందా?

ఈ కేసుల్లో ఎక్కువ వాదన జరిగేది ‘ఫోర్‌సీయబిలిటీ’ (ముందుగా ఊహించగలగడం) మీద. రాబోయే హానిని యజమాని ఊహించగలిగి ఉండాలి. ఊహించలేని దానికి ఎవరినీ తప్పుపట్టలేం. మరి ఎంత సమాచారం ఉంటే ఊహించగలిగినట్టు? ఒక్కో రాష్ట్రం ఒక్కో కొలత పెట్టుకుంది.

కొన్ని కోర్టులు గతంలో అదే చోట అలాంటి నేరాలు జరిగాయా అని చూస్తాయి. ఇది స్పష్టమైన కొలత. కానీ మొదటి బాధితుడికి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది. ఇంకొన్ని కోర్టులు మొత్తం పరిస్థితిని చూస్తాయి. చుట్టుపక్కల నేరాలు, స్థలం అమరిక, వెలుతురు, వ్యాపారం తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. మరికొన్ని తూకం వేస్తాయి. ప్రమాదం ఎంత ఎక్కువగా ఊహించదగినదో, అంత ఖరీదైన భద్రత కోరవచ్చు. దీపం వెలిగించమనడానికి కొద్ది సమాచారం చాలు. తుపాకీ పట్టిన గార్డును పెట్టమనడానికి బలమైన చరిత్ర కావాలి.

ఈ తూకం ఎలా పనిచేస్తుందో లూసియానా సుప్రీంకోర్టు 1999లో చూపింది. న్యూ ఆర్లీన్స్ దగ్గర ఒక సామ్స్ క్లబ్ దుకాణం పార్కింగ్ స్థలంలో 1995లో ఒక మహిళను దోచుకున్నారు. సుమారు 19,000 డాలర్ల నగలు పోయాయి. దుకాణం లోపల గార్డు ఉన్నాడు, బయట లేడు. అయితే అంతకు ముందు ఆరున్నరేళ్లలో ఆ దుకాణం ఆవరణలో ఇలాంటి దోపిడీ తరహా నేరాలు మూడే జరిగాయి. అంత తక్కువ చరిత్రతో బయట కూడా గార్డును పెట్టే బాధ్యత పుట్టదని కోర్టు తేల్చింది. ఆమె ఓడిపోయారు.

తెలుగువారు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో అక్కడి సుప్రీంకోర్టు 1998లో టింబర్‌వాక్ అపార్ట్‌మెంట్స్ కేసులో ఐదు గుర్తులు చెప్పింది. పాత నేరాలు ఎంత దగ్గరలో జరిగాయి? ఎంత ఇటీవల? ఎంత తరచుగా? ఇప్పటి నేరానికి ఎంత దగ్గరి పోలిక? వాటి గురించి యజమానికి తెలిసే అవకాశం ఎంత? ఈ ఐదింటినీ కలిపి చూడాలి. ఆ కేసులోనూ బాధితురాలే ఓడిపోయారు. కాబట్టి దాడి జరిగితే పరిహారం వచ్చేస్తుందన్న భ్రమ ఎవరికీ ఉండకూడదు. ఈ కేసుల్లో గెలుపు చరిత్రను తవ్వి తీయడంలో ఉంది.

నేరస్థుడి చేయి అడ్డుపడదా?

ఇక్కడ న్యాయంగానే ఒక సందేహం వస్తుంది. తాళం పాడైనా, లోపలికి వచ్చి కొట్టాలని నిర్ణయించుకున్నది నేరస్థుడే కదా? యజమాని తప్పుకూ దెబ్బకూ మధ్య అతని స్వేచ్ఛా నిర్ణయం ఉంది. అది గొలుసును తెంచేయదా?

అమెరికా న్యాయం దీనికి సూటిగా జవాబిచ్చింది. అక్కడి న్యాయపండితుల సంస్థ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ ‘రీస్టేట్‌మెంట్ ఆఫ్ టార్ట్స్’ (సివిల్ తప్పుల సూత్రాల సంకలనం) ప్రచురిస్తుంది. దాని రెండో కూర్పులోని 449వ సెక్షన్ సారం ఇది. ఫలానా ప్రమాదం రావచ్చన్న కారణం వల్లే ఒక పని నిర్లక్ష్యం అయినప్పుడు, సరిగ్గా ఆ ప్రమాదమే వస్తే బాధ్యత తప్పదు. తలుపుకు తాళం పెట్టేదే దొంగ కోసం. దొంగ వచ్చాడు కాబట్టి తాళం లేకపోవడం నా తప్పు కాదని యజమాని అనలేడు.

అయినా కారణ సంబంధాన్ని రుజువు చేయడం తేలిక కాదు. 2001లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు అందుకు సాక్ష్యం. లాస్ ఏంజిలెస్ ప్రాంతంలోని ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన ఉద్యోగినిపై ముగ్గురు దాడి చేశారు. అక్కడ నేరాలు తరచు జరుగుతున్నాయి. గేట్లు సరిగా పనిచేయడం లేదు. నిర్లక్ష్యం ఉందనుకున్నా, గేటు బాగుంటే ఈ దాడి ఆగేదా అని కోర్టు అడిగింది. దాడి చేసినవాళ్లు ఎవరో తెలియదు. వాళ్లు లోపల కాపురముండేవాళ్లే అయితే గేటు వాళ్లను ఆపదు. ఆమె ఓడిపోయారు. ఈ తీర్పు కఠినమైనదే. కానీ అది చెప్పేది స్పష్టం. ఫలానా లోపం గుండానే ఫలానా మనిషి లోపలికి వచ్చాడని చూపగల ఆధారం కేసుకు ప్రాణం.

ఆస్ట్రేలియా వేరే దారి పట్టింది

ప్రపంచమంతా అమెరికా బాటలో నడవలేదు. అడిలైడ్‌లోని మోడ్‌బరీ ట్రయాంగిల్ అనే షాపింగ్ సెంటర్‌లో ఒక వీడియో దుకాణం ఉండేది. అది రాత్రి పదికి మూసేస్తారు. పార్కింగ్ దీపాలూ సరిగ్గా పదికే ఆరిపోయేవి. వాటిని నడిపేది సెంటర్ యజమాని. దుకాణం వాళ్లు అంతకు ముందే దీనిపై ఫిర్యాదు చేశారు. 1993లో ఒక రాత్రి దుకాణం మేనేజర్ తాళం వేసి చీకట్లో తన కారు దగ్గరికి నడిచారు. ముగ్గురు ఆయనపై పడ్డారు. ఒకడి చేతిలో బేస్‌బాల్ బ్యాట్ ఉంది. ఆయన తీవ్రంగా గాయపడ్డారు.

కింది కోర్టుల్లో ఆయన గెలిచారు. 2000లో ఆస్ట్రేలియా హైకోర్టు (ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం) ఆ తీర్పులను కొట్టేసింది. దీపాల మీద యజమానికి అదుపు ఉంది, నేరస్థుల మీద లేదు. నేరం చేయాలనుకునేవారి ప్రవర్తన ఎవరి అదుపులోనూ ఉండదు కాబట్టి సాధారణంగా ఆ బాధ్యతను స్థల యజమాని మీద పెట్టలేమని మెజారిటీ జడ్జీలు అన్నారు. ఒక్క జడ్జి విభేదించారు.

రెండు దేశాల తీర్పులనూ పక్కపక్కన పెడితే అసలు విభేదం ఎక్కడుందో కనిపిస్తుంది. ఆస్ట్రేలియా మనిషిని చూసింది, అతన్ని అదుపు చేసేదెవరని అడిగింది. అమెరికా స్థలాన్ని చూసింది, దాన్ని అదుపులో ఉంచుకున్నదెవరని అడిగింది. రెండోదే న్యాయానికి దగ్గరగా ఉందని నేను నమ్ముతాను. స్విచ్చు వేయగలిగిన మనిషి ఒక్కడే ఉన్నప్పుడు, చీకటికి అతను కాక మరెవరు జవాబు చెబుతారు?

ఇప్పుడే ఎందుకు తెలుసుకోవాలి?

అమెరికాలోనే ఈ న్యాయం మారుతోంది. జార్జియాలో 2012లో ఒక వ్యక్తిపై సీవీఎస్ మందుల దుకాణం పార్కింగ్ స్థలంలో కాల్పులు జరిగాయి. కాల్చినవాడు ఎవరో తెలియలేదు. తప్పును వాటాలుగా పంచమంటే జ్యూరీ 95 శాతం దుకాణం మీద, 5 శాతం బాధితుడి మీద వేసింది. కాల్చినవాడి మీద సున్నా. పరిహారం 4 కోట్ల 27 లక్షల డాలర్ల పైన తేలింది. 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ తీర్పును నిలబెట్టింది.

వ్యాపారాల నుంచి, బీమా కంపెనీల నుంచి వ్యతిరేకత వచ్చింది. తుపాకీ పేల్చినవాడికి సున్నా, దుకాణానికి 95 ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. బీమా ధరలు పెరుగుతాయని, పేద ప్రాంతాల్లో దుకాణాలు మూతపడతాయని వాదించారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. దుకాణం మూతపడితే నష్టపోయేది ఆ వీధివాళ్లే. 2025 ఏప్రిల్‌లో గవర్నర్ బ్రయాన్ కెంప్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఇకపై నేరస్థుడికి కూడా వాటా వేయాలి. యజమాని వాటా నేరస్థుడి వాటా కంటే ఎక్కువైతే, ఆ పంపకం అసమంజసమని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసే భారం బాధితుడిది.

ఫ్లోరిడా 2023 మార్చిలో ఇంకో పద్ధతి తెచ్చింది. ఫలానా జాగ్రత్తలు తీసుకున్న అపార్ట్‌మెంట్ యజమానికి చట్టమే రక్షణ ఇస్తుంది. రాకపోకల ద్వారాల దగ్గర కెమెరాలు ఉండాలి, రికార్డింగు కనీసం 30 రోజులు దాచాలి. పార్కింగ్‌లో, నడక దారుల్లో రాత్రంతా వెలుతురు ఉండాలి. తలుపుకు అంగుళం పొడవు గడియ, కిటికీలకు తాళాలు, తలుపులో చూసేందుకు కన్నం ఉండాలి. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఈ జాబితాలో న్యాయం ఉంది. యజమానికి ఏం చేస్తే చాలో ముందే తెలుస్తుంది. అద్దెదారుకు ఏం అడగాలో తెలుస్తుంది. అదే చట్టం మరో పని కూడా చేసింది. నిర్లక్ష్యం దావాల గడువును నాలుగేళ్ల నుంచి రెండేళ్లకు కుదించింది.

టెక్సాస్‌లో అద్దెదారుకు మరింత నేరుగా పనికొచ్చే చట్టం ఉంది. అక్కడి ప్రాపర్టీ కోడ్ ప్రకారం బయటి తలుపులకు లోపలి నుంచి మాత్రమే వేసుకునే గడియ, చూసే కన్నం, కిటికీలకు కొక్కేలు ఇంటి యజమానే పెట్టించాలి. పాత అద్దెదారు ఖాళీ చేసి కొత్తవారు దిగాక ఏడు రోజుల్లో తాళం మార్పించాలి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో గది తీసుకునే విద్యార్థి మొదటి రోజే అడగవలసిన ప్రశ్న ఇది.

రాత్రి డ్యూటీ చేసేవారి సంగతి

పని చేస్తుండగా దాడి జరిగితే లెక్క మారుతుంది. అమెరికాలో ఉద్యోగి తన యజమాని మీద సాధారణంగా నిర్లక్ష్యం దావా వేయలేడు. దాని బదులు ‘వర్కర్స్ కాంపెన్సేషన్’ (పనిలో గాయాలకు తప్పొప్పులతో పని లేకుండా ఇచ్చే బీమా) ఉంటుంది. వైద్యం ఖర్చు, జీతంలో కొంత భాగం వస్తాయి. బాధకు, వేదనకు రాదు.

ఇందులో రెండు మినహాయింపులు తెలుసుకోవాలి. గ్యాస్ స్టేషన్ స్థలం యజమాని వేరు, ఉద్యోగం ఇచ్చినవాడు వేరు అయితే స్థల యజమాని మీద దావాకు అవకాశం ఉంది. టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని ఈ బీమా తీసుకోవడం తప్పనిసరి కాదు. తీసుకోనివాడి మీద ఉద్యోగి నేరుగా నిర్లక్ష్యం దావా వేయొచ్చు. అప్పుడు ఉద్యోగి తప్పు కూడా ఉందనే పాత వాదనలు ఆ యజమానికి పనికిరావు.

రాత్రి దుకాణాలకు ఏ జాగ్రత్తలు కావాలో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఫ్లోరిడా చట్టం చాలాకాలం నుంచి కెమెరా, డబ్బు జారవిడిచే పెట్టె, వెలుతురు, చప్పుడు చేయని అలారం కోరుతోంది. గల్లాలో 50 డాలర్లకు మించి లేవని బోర్డు పెట్టమంటోంది. బయటి నుంచి లోపల మనిషి కనిపించేలా అద్దాలు ఖాళీగా ఉంచమంటోంది. ఇవి లేని చోట రాత్రి ఒంటరిగా నిలబడటం ఎంత ప్రమాదమో మన పిల్లలకు ఎవరైనా ముందే చెప్పాలి. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తున్న విద్యార్థి వీసా భయంతో దాడి సంగతే దాచిపెడతాడు. ఫిర్యాదు లేకపోతే వైద్య సాయం, పరిహారం రెండూ దూరమవుతాయి. అలాంటప్పుడు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను, గాయాల కేసులు చూసే లాయర్‌ను ఇద్దరినీ కలవడం మేలు.

దాడి జరిగిన మొదటి వారం

ఈ కేసుల్లో మొదట చచ్చిపోయేది సాక్ష్యం. కెమెరా రికార్డింగు కొన్ని రోజుల్లో చెరిగిపోతుంది. విరిగిన తాళాన్ని మర్నాడే మార్చేస్తారు. అందుకే లాయర్ వెంటనే ఒక లేఖ పంపుతాడు. రికార్డింగులు, కాపలా డ్యూటీ పట్టికలు, మరమ్మతు ఫిర్యాదులు దాచి ఉంచాలని అందులో కోరతాడు. ఆ తర్వాత వాటిని నాశనం చేస్తే కోర్టు ప్రతివాదికి వ్యతిరేకంగా భావించవచ్చు. ఆ చిరునామాకు గతంలో పోలీసులు ఎన్నిసార్లు వచ్చారో తెలిపే రికార్డు మరో ముఖ్య ఆధారం. ముందుగా ఊహించగలగడాన్ని రుజువు చేసేది అదే.

గడువు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్, కాలిఫోర్నియా, జార్జియాల్లో సాధారణంగా రెండేళ్లు. న్యూయార్క్‌లో నిర్లక్ష్యం దావాకు మూడేళ్లు. మనిషి చనిపోతే దావా వేసే హక్కు ఎవరిదన్నదీ రాష్ట్ర చట్టమే చెబుతుంది. టెక్సాస్‌లో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు ఆ జాబితాలో ఉన్నారు. ఇక్కడి పల్లెలో ఉన్న తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఇది. లాయర్ ఫీజు ముందుగా కట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. గెలిస్తే వచ్చిన దానిలో వాటా తీసుకుంటారు. తరచు అది మూడో వంతు ఉంటుంది.

దావా తేలేలోగా ఆదుకునే మరో ఏర్పాటు కూడా ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార నిధి ఉంది. 1984 నాటి ఫెడరల్ చట్టం దానికి సాయం అందిస్తుంది. వైద్యానికి, అంత్యక్రియలకు, పోయిన జీతానికి కొంత ఇస్తారు. అందుకు సాధారణంగా పోలీసు ఫిర్యాదు, సకాలంలో దరఖాస్తు కావాలి.

మన దేశంలో

భారతదేశంలోనూ ఇలాంటి దావా వేయడానికి సూత్రప్రాయంగా అడ్డు లేదు. ఆచరణలో అరుదు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. గెలుపులో వాటా తీసుకోవడం మన లాయర్లకు నిషిద్ధం. ఏళ్ల తరబడి సాగే విచారణ మరో భారం. అందువల్ల మన న్యాయం వేరే దారులు వెతుక్కుంది.

రైల్వే చట్టంలోని 123, 124ఎ సెక్షన్లు వాటిలో మంచివి. రైల్లోగానీ ప్లాట్‌ఫారం మీదగానీ ప్రయాణికుడిపై హింసాత్మక దాడి, దోపిడీ జరిగితే రైల్వే పరిహారం ఇవ్వాలి. రైల్వే తప్పు ఉందో లేదో రుజువు చేయనక్కర్లేదు. మరణానికి ఇచ్చే మొత్తాన్ని 2017 జనవరి నుంచి 4 లక్షల రూపాయల నుంచి 8 లక్షలకు పెంచారు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ముందు (ఉదాహరణకు సికింద్రాబాద్ బెంచిలో) దరఖాస్తు చేయాలి.

రెండో దారి వాహన బీమా. నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో ప్రయాణికులుగా ఎక్కినవాళ్లు ఆటో ఎత్తుకుపోవడానికి డ్రైవర్‌ను చంపేశారు. ప్రధాన ఉద్దేశం ఆటో దొంగతనం, హత్య అందులో భాగంగా జరిగింది కాబట్టి దీన్ని ప్రమాదంగానే చూడాలని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. బీమా కంపెనీ కుటుంబానికి చెల్లించాల్సి వచ్చింది.

మూడోది బాధితుల పరిహార పథకం. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 396వ సెక్షన్ కింద ఉంది. నేరస్థుడు దొరకకపోయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు.

వీటిలో ఒక లోటు ఉంది. ఇవి బాధితుడికి కొంత డబ్బిస్తాయి, కానీ పాడైన తాళాన్ని బాగు చేయించవు. హాస్టల్, మాల్, ఆస్పత్రి, అపార్ట్‌మెంట్ యజమానులను ఈ పథకాలు తాకవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా గుమికూడే సంస్థల్లో కెమెరాలు పెట్టమంది. అది మంచి మొదలు. కెమెరా పెట్టారా లేదా అన్నంతవరకే అడిగితే చాలదు. మెట్ల దారిలో వెలుతురు ఉందా, గార్డు గతాన్ని వాకబు చేశారా, పాత ఫిర్యాదుల మీద ఏం చేశారు అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నలు అడగడానికి దాడి జరిగేదాకా ఆగాల్సిన పని లేదు. పాడైన తాళం గురించి, వెలగని దీపం గురించి యజమానికి ఈరోజే రాతపూర్వకంగా చెప్పండి, నకలు దగ్గర పెట్టుకోండి. చాలామంది యజమానులు ఆ కాగితం చూశాక బాగు చేయిస్తారు. చేయించకపోతే, తనకు తెలియదని రేపు కోర్టులో చెప్పే వీలు వారికి ఉండదు.